మునసబు అలక: ఒక పిల్లి కేసు మొదట్నించి చివరిదాకా

మగపిల్లి, వయసు రెండున్నరేళ్ళు, ఒళ్ళంతా పసుపు చారలు, బరువు 5.6 కిలోలు, ఏడాది నిండకముందే పిల్లలు కాకుండా ఆపరేషన్ అయిపోయింది (నేనే చేశా), పేరు మునసబు. ఊరు అమలాపురానికి ఓ పన్నెండు కిలోమీటర్లు, కాలవ గట్టు పక్కన పాత మండువా లోగిలి, అందులో ఉండేది మామ్మగారు ఒక్కరే. 2022 జూలై వరదలప్పుడు, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వారం, లంకలోంచి పడవ మీద వచ్చిన సామాన్లు దించుతుంటే అరటాకుల కట్ట కింద దొరికిన పిల్ల ఇది, అప్పటికి అరచేతిలో పట్టేసేదంట. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు తీసేసేదాకా ఆ ఇంటి పెద్దలే ఊరికి మునసబులు. పిల్ల వచ్చిన మూడోనాడే తాతగారి పడక్కుర్చీ ఎక్కి దర్జాగా కూర్చుంటే ఆయనే ఆ పేరు పెట్టారంట. తాతగారు పోయాక కుర్చీ పూర్తిగా దానిదే అయిపోయింది.

ఇదేదో అరుదైన జబ్బని రాయట్లేదు, మా ప్రాక్టీసులో తరచూ వచ్చేదే. ఆ ఇంట్లో వాళ్ళు వారం రోజులపాటు జబ్బు లక్షణాలన్నీ పూస గుచ్చినట్టు చెప్తూనే ఉన్నారు, కాకపోతే పిల్లి మనసులో ఏముందో అన్న కథల్లాగా చెప్పారు, నేనూ వాటిని కథల్లాగే విన్నాను. అందుకు పిల్లి ప్రాణం మీదకొచ్చింది. పిల్లుల్ని చూసే డాక్టర్లకీ, పెంచుకునేవాళ్ళకీ ఇద్దరికీ పనికొస్తుందనే మొత్తం రాస్తున్నా.

మొదటి ఫోను

2025 జనవరి 9, పొద్దున్న. నేను ఒక గేదె ఈనలేక అవస్థ పడుతుంటే ఆ పనిలో ఉన్నా, చేతికి భుజం దాకా గ్లౌజు, మా కుర్రాడు ఫోను నా చెవి దగ్గర పెట్టాడు. మామ్మగారు.

"డాక్టరమ్మా, మా మునసబు అలిగాడమ్మా. రెండ్రోజుల్నించి కాలుగాలిన పిల్లిలా దొడ్డంతా తిరుగుతున్నాడు. ఇలా కూర్చుంటాడు అలా లేస్తాడు. పిలిస్తే రాడు, ఒళ్ళో కూర్చోడు. ఆయన కుర్చీ అటకెక్కించేశారని కోపమమ్మా, నాకు తెలుసు."

"పండక్కి సున్నాలూ అవీ అవుతున్నాయి కదా మామ్మగారండి, హడావుడి తగ్గితే వాడే సర్దుకుంటాడు" అన్నాను. అన్నం తింటున్నాడా అని అడిగా, కొంచెం తిన్నాడన్నారు. ఉచ్చ సరిగ్గా పోస్తున్నాడా అని అడగలేదు. మగపిల్లి విషయంలో మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న అది, నేను అడగలేదు, ఆ తప్పు నాదే.

కాలుగాలిన పిల్లి అనే మాట మనం మనుషుల గురించి ఎంతలా వాడేశామంటే, నిజం పిల్లి గురించి అన్నా కూడా అది సామెతలాగే వినపడింది నాకు. ఇలా కూర్చుని అలా లేవడం, చోటు మార్చి మళ్ళీ కూర్చోవడం, ఇది ఉచ్చసంచి మండుతున్న పిల్లి చేసే పని, అచ్చంగా అదే. ఆవిడ కళ్ళారా చూసింది చూసినట్టు చెప్పారు.

నలుగురికి నాలుగు పిల్లులు

పదకొండో తారీఖున కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు హైదరాబాద్ నుంచి దిగారు. పన్నెండున కోడలు గారి సూట్‌కేసు మీద మునసబు ఉచ్చ పోశాడు. పదమూడు, భోగి, తెల్లారగట్ల మంట దగ్గర అందరూ ఉంటే వాడు గదిలో చల్లటి గచ్చు మీద మూడు చోట్ల పోశాడు. పద్నాలుగున తోమి గాబు గట్టు మీద బోర్లించకుండా వదిలేసిన ఇత్తడి పళ్ళెంలో పోశాడు, అది దేవుడి దగ్గర పెట్టే పళ్ళెం, ఇంక ఇంట్లో గొడవైపోయింది.

ఈ నాలుగు రోజుల్లో ఆ ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో మునసబు తయారయ్యాడు. కోడలు గారికి: "వీడికి నేనంటే పడదు, నా వస్తువే చూసి మరీ పోశాడు." మామ్మగారికి: మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నానని ఈర్ష్య, అచ్చం ఆయన పోలికే, ఆయనా ఇంతే, పలకరించడం కాస్త ఆలస్యమైతే రెండ్రోజులు ముభావంగా ఉండేవారు. కొడుక్కి: గారాబం ఎక్కువై పొగరు పట్టింది. పక్కింటావిడకి: దేవుడి పళ్ళెంలో పోసిందంటే ఇంటికి అరిష్టం, వదిలించుకోండి. కనుమ నాడు పొద్దున్న కొడుకు గోనెసంచి తెచ్చాడు, ఏరు దాటించి అవతల రేవులో వదిలేద్దామని. మా వైపు పిల్లుల్ని వదిలించుకునే పద్ధతి ఇదే, మూతి కట్టేసిన సంచి పడవలోనో పంటులోనో పెట్టి దాటించేస్తారు, ఇల్లు దారి తెలియకూడదని. దాని తర్వాత ఆ పిల్లికి ఏమవుతుందో ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

సంచిలోకి పట్టి దించబోతుంటే ఆపింది కోడలు గారు. వాడు తప్పించుకుని వాకిట్లో ముగ్గు మీద కూర్చుని తోక కొంచెం ఎత్తి, నడుం వంచి ముక్కుతున్నాడంట, ఒక్క చుక్క రాలేదు. లేచి రెండడుగులు వేసి మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ అంతే. "ఏవండీ, వీడికి రావట్లేదు, చూడండి" అందంట ఆవిడ. సూట్‌కేసు తుడిచిన తెల్ల తువ్వాలు మీద గులాబీ రంగు మరక పడిందని కూడా అప్పుడే గుర్తొచ్చింది. నాకు ఫోను చేసింది ఆవిడే.

కనుమ రోజు సాయంత్రం

వెంటనే రమ్మన్నా. కానీ ఆ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం, చుట్టుపక్కల ఊళ్ళ ఏకాదశ రుద్రుల ప్రభలన్నీ వచ్చే రోజు, ఆ రోడ్ల మీద కారు కదలదు. మధ్యాహ్నం రెండింటికి బయల్దేరినవాళ్ళు క్లినిక్‌కి చేరేసరికి అయిదున్నర. పిల్లి గోనెసంచిలోనే వచ్చింది, కాకపోతే సంచి మూతి విప్పి కోడలు గారి ఒళ్ళో ఉంది.

చూసినవి ఇవి. ఒళ్ళు చల్లబడింది, 97.8 డిగ్రీల ఫారన్‌హీట్ (మామూలుగా 100.5 నుంచి 102.5 మధ్య ఉండాలి). గుండె నిమిషానికి 128. క్లినిక్‌లో బల్లమీద భయపడుతున్న పిల్లికి 200 దగ్గర్లో ఉంటుంది, 128 అంటే ప్రశాంతంగా ఉందని కాదు, రక్తంలో పొటాషియం పెరిగి గుండెని నొక్కేస్తోందని. పొట్ట తడిమితే ఉచ్చసంచి బత్తాయి కాయంత, రాయిలా. అంగం చివర ఊదారంగు తిరిగింది. రక్తం వెంటనే ల్యాబుకి పంపా: పొటాషియం 7.4, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 6.2. రెండూ ప్రమాదం స్థాయిలోనే ఉన్నాయి. మగపిల్లికి మూత్రనాళం చివర్లో బాగా సన్నం, అది మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు.

మొహం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇల్లంతా దాన్ని కోపం మొహం అంటున్నారు. చెవులు పక్కలకి తిరిగి చదునుగా, కళ్ళు సగం మూసి, మూతి బిగించి, మీసాలు నిటారుగా ముందుకి, తల భుజాల కన్నా కిందకి. ఇవి అయిదూ, చెవులు, కళ్ళు, మూతి, మీసాలు, తల, మాంట్రియల్ యూనివర్సిటీ వాళ్ళు 2019లో పిల్లి నొప్పి కొలవడానికి తయారుచేసిన స్కేలులో ఉన్న అయిదు గుర్తులు. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు, మొత్తం పది. మునసబుకి నేను ఎనిమిది వేశా. ఇంట్లో వాళ్ళు అలక అన్న మొహం అది.

చికిత్స క్లుప్తంగా చెప్తా. గుండెని కాపాడ్డానికి కాల్షియం గ్లూకోనేట్ పది నిమిషాల మీద నెమ్మదిగా, గుండె వింటూ. సెలైన్ మొదలు. నొప్పికి బ్యూటోర్ఫనాల్. మెలాక్సికామ్ లాంటి నొప్పి మందులు కిడ్నీ ఈ స్థితిలో ఉంటే ముట్టుకోను, మనుషుల పారాసిటమాల్ అయితే పిల్లికి ఎప్పుడూ విషమే, ఒక్క బిళ్ళ చాలు చంపడానికి, ఇది మందుల షాపులో అడిగి తెచ్చి వేసేవాళ్ళ కోసం చెప్తున్నా. సూదితో ఉచ్చసంచిలోంచి కొంత తీసి ఒత్తిడి తగ్గించి, మత్తు ఇచ్చి, సన్న గొట్టంతో సెలైన్ వెనక్కి కొడుతూ పోతే మూడోసారికి అడ్డం కదిలింది, తెల్లగా పేస్టులాంటి ముద్ద, బియ్యపు గింజలో సగం కూడా లేదు. దాని వెనక 140 మిల్లీలీటర్ల ఉచ్చ, ఎర్రగా, కరక్కాయ రంగుకి దగ్గరగా. కోడలు గారు గది బయట నిలబడి సీసా నిండడం చూస్తున్నారు, "ఇంతా వాడి కడుపులోనే ఉందా" అని ఒక్కమాట అని ఊరుకున్నారు.

గొట్టం రెండ్రోజులు ఉంచా. ఎక్స్‌రేలో రాళ్ళు లేవు. కల్చర్‌లో సూక్ష్మజీవులు పెరగలేదు, అందుకని యాంటీబయాటిక్ ఇవ్వలేదు. మూత్రనాళాన్ని వదులు చేస్తుందని ఇచ్చే ప్రజోసిన్ కూడా ఇవ్వలేదు, మళ్ళీ మూసుకుపోకుండా అది పెద్దగా ఆపట్లేదని పరిశోధనలు వచ్చాయి. పద్దెనిమిదో తారీఖుకి పొటాషియం 4.3, క్రియాటినిన్ 1.9, సొంతంగా ఉచ్చ పోశాడు.

రాయి లేదు, ఇన్ఫెక్షన్ లేదు, మరి ఏంటి? పదేళ్ళ లోపు పిల్లుల్లో ఈ రకం బాధతో వచ్చేవాటిలో సగానికి పైగా ఇలాగే ఉంటాయి, కారణం ఇదీ అని వేలెత్తి చూపించలేని ఉచ్చసంచి వాపు. దీని మీద ఎక్కువ పని చేసింది ఓహయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ బృందం. జబ్బు ఉచ్చసంచిలో కనపడుతున్నా మూలం అక్కడే లేదు, ఈ పిల్లుల్లో భయానికీ ఒత్తిడికీ స్పందించే వ్యవస్థ మొత్తం తేడాగా ఉంటుంది, అందుకే ఆయన దీనికి ఉచ్చసంచి పేరు కాకుండా పండోరా సిండ్రోమ్ అని పేరు పెట్టారు. అంటే మునసబు మనసులో ఏం జరుగుతోందన్న ప్రశ్న మామ్మగారి ముచ్చట మాత్రమే కాదు, నా కేసు షీటులో రాసుకోవాల్సిన ప్రశ్న కూడా.

మళ్ళీ మొదట్నించి అడగడం

పంతొమ్మిదో తారీఖున వాళ్ళింటికి వెళ్ళా. మండువాలో చాప వేసి అందర్నీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ వాళ్ళ కథ వాళ్ళనే చెప్పమన్నా. మధ్యలో ఆపలేదు. అలిగాడు, పగబట్టాడు, ఈర్ష్య, పొగరు, అరిష్టం, ఏ మాటైనా సరే. కొంతమంది డాక్టర్లు ఇక్కడే ఆపేస్తారు, "అవన్నీ మీ ఊహలండి, లక్షణాలు చెప్పండి" అని. అలా అంటే జనం నోరు మూసేసుకుంటారు, కథతో పాటు అందులో ఉన్న చూపు కూడా పోతుంది. నాకు కథ కావాలి. కథ అయ్యాక ఒకటే అడుగుతా: అలా అనిపించడానికి సరిగ్గా ఏం చూశారు?

కోడలు గారిని అడిగా, "మీమీద కోపంతో పోశాడన్నారు కదమ్మా, ఎంత పోశాడు?" ఒక చెంచాడు కూడా లేదు. "నిలబడి తోక ఆడిస్తూ గోడకి కొట్టినట్టా, కూర్చునా?" కూర్చుని, చాలాసేపు. ఇది ఇంపార్టెంట్. హద్దులు గుర్తు పెట్టే పిల్లి నిలబడి తోక వణికిస్తూ వెనక్కి చిమ్ముతుంది, ఇది అది కాదు. "సూట్‌కేసు పైభాగం దేంతో చేసింది?" గట్టి ప్లాస్టిక్, నున్నగా. గచ్చు నున్నన, చల్లన. ఇత్తడి పళ్ళెం కూడా అంతే. మంటతో ఉన్న పిల్లి నున్నటి చల్లటి చోటు వెతుక్కోవడం మేం తరచూ చూస్తుంటాం. దేవుడి పళ్ళెం అని దానికి తెలియదు, అది కూర్చున్నది ఎండ తగలని ఇత్తడి చల్లదనం మీద.

మామ్మగారు అప్పుడు ఒక మాటన్నారు, "రెండు వారాల్నించీ వాడు తెగ శుభ్రం అమ్మా, కింద నాక్కుంటూనే ఉంటాడు, పండక్కి వాడూ తయారవుతున్నాడని నవ్వుకున్నాను." పొట్ట కింద చూస్తే వెంట్రుకలు నాకి నాకి పల్చబడి చర్మం కనపడుతోంది. ఇది కూడా వారాల కిందటి నుంచీ కళ్ళ ముందున్న లక్షణమే.

తర్వాత దొడ్లోకి నడిచాం. అక్కడ నాకు కేసు మొత్తం కనపడింది. డిసెంబరు ఆఖర్లో కొడుకు మంచి మనసుతో, అమ్మ బురదలో జారిపడకూడదని, దొడ్డంతా సిమెంటు చేయించాడు. అంతకుముందు అక్కడ ప్రహరీ వారగా ఇసుక గుట్ట ఉండేది, ఎప్పుడో మరుగుదొడ్డి కట్టగా మిగిలింది. మునసబుకి పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ అదే మరుగు. ఆ ఇసుక ఆ సిమెంటులోకే కలిసిపోయింది. ఇంట్లో ఉన్న ఒక్క జీవి మరుగుదొడ్డి ఎత్తేశాం అన్న సంగతి ఎవరికీ తట్టలేదు, తట్టాల్సిన పని కూడా అనుకోలేదు ఎవరూ.

అదొక్కటే కాదు. సున్నాలు వేస్తూ గోడల కిందభాగం, స్తంభాలు, గుమ్మాలు అన్నీ తుడిచేశారు. పిల్లి బుగ్గలు రాసి రాసి తన వాసన పెట్టుకునే చోట్లు అవే, మనం గడపకి పసుపు రాసుకున్నట్టు అది తన ఇల్లని గుర్తు పెట్టుకునే పద్ధతి. పడక్కుర్చీ అటక మీద. కొత్త మనుషులు, రెండేళ్ళ పిల్లాడు తోక పట్టుకుని తిప్పుతాడు. ఇంకా నేను ప్రహరీ మీద చూస్తుండగానే ఒక పెద్ద గండుపిల్లి వచ్చి కూర్చుంది, బూడిద రంగు, ఒక చెవి చిరిగి, దవడలు లావుగా. చేపల చెరువు కాపలా పాకలో ఉండేదంట, చెరువు పట్టేసి పాక తీసేశాక ఇటు వచ్చింది. మునసబు కిటికీ లోంచి దాన్ని చూసి మెడ ముడిచి గోడకి అతుక్కుపోయాడు. "మన మునసబు స్నేహితుడమ్మా, రోజూ వచ్చి పలకరిస్తాడు" అన్నారు మామ్మగారు. నేను వాడి వీపు మీద చెయ్యేసి చూపించా, చర్మం అలలు అలలుగా కదులుతోంది. ఆవిడ చాలాసేపు చెయ్యి అక్కడే ఉంచి చూశారు.

పిల్లి మనసులో ఏముంటుంది

అలక, ఈర్ష్య, పగ నిజమా కాదా అని ఆ ఇంట్లో అందరూ నన్ను అడిగారు. నేను చెప్పింది ఇది.

పిల్లికి స్వభావం ఉంటుంది, ఇందులో నాకు అనుమానం లేదు. దక్షిణ ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో 2,802 పెంపుడు పిల్లుల గురించి వాటి యజమానుల్ని అడిగి 2017లో ప్రచురించిన పనిలో అయిదు గుణాలు తేలాయి: భయస్తం, హుషారు, పెత్తనం, నిలకడ లేకపోవడం, కలుపుగోలుతనం. గమనించండి, ఆ లెక్క మొత్తం యజమానుల మాటల మీదే కట్టారు, అంటే ఇంట్లోవాళ్ళ చూపుకి విలువుంది. అనుబంధం కూడా ఉంటుంది, 2019లో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు పిల్లి పిల్లల్ని కొత్త గదిలో వదిలి మనిషి బయటికెళ్ళి మళ్ళీ వచ్చినప్పుడు చూస్తే 64 శాతం దాకా ఆ మనిషిని చూసి కుదుటపడి మళ్ళీ ఆటలో పడ్డాయి, చంటిపిల్లలు తల్లి దగ్గర చేసినట్టే. తమ పేరు వేరే మాటల మధ్య వినిపిస్తే గుర్తుపడతాయని జపాన్‌లో అదే ఏడాది తేల్చారు. కాబట్టి మునసబుకి మామ్మగారు ఎవరో తెలుసు, ఆవిడ గొంతు తెలుసు, ఆవిడ ఉంటే ధైర్యం.

పగ మాత్రం నేను నమ్మను. పగ అంటే ముందు జరిగింది మనసులో పెట్టుకుని, ఎదుటిమనిషికి ఏం చేస్తే నొప్పి కలుగుతుందో ఊహించి, సూట్‌కేసు ఆవిడదే అని తెలిసి, ఉచ్చ పోస్తే ఆవిడ బాధపడుతుందని లెక్కవేసి చెయ్యాలి. పిల్లికి ఉచ్చ అసహ్యం కాదు, అది దానికి సమాచారం. ఈర్ష్య సంగతి నేను తేల్చి చెప్పలేను, మనవరాలు ఒళ్ళో ఉన్నప్పుడు వాడు లేచి వెళ్ళిపోయింది నిజమే, అయితే ఆ పిల్ల కాలి గజ్జెల చప్పుడుకి వెళ్ళిపోయాడనడానికి కూడా అంతే ఆస్కారం ఉంది. భయం మాత్రం ఉంది, నొప్పి ఉంది, అలవాటైన చోటు పోయిన దిగులు ఉంది. వీటికి వాడి ఒళ్ళే సాక్ష్యం. 2011లో బఫింగ్టన్ బృందమే 12 ఆరోగ్యమైన పిల్లుల్నీ ఈ జబ్బున్న 20 పిల్లుల్నీ 77 వారాలపాటు చూసింది. చూసే మనిషి మారితే, తిండి వేళ మారితే, రోజువారీ పద్ధతి తప్పితే ఆరోగ్యంగా ఉన్నవి కూడా తిండి మానేశాయి, ఇసుక బయట పోశాయి. మామ్మగారు "కుర్చీ తీసేశారని అలిగాడు" అన్నదాంట్లో కుర్చీ అన్నది నిజం, తీసేశారన్నది నిజం, అలక అన్న ఒక్క మాట బదులు భయం అని పెట్టుకుంటే నేను రాసుకోవాల్సిన కేసు షీటు అదే.

చూసింది చూసినట్టు చెప్పడం, పిల్లికి మన మనసు అంటగట్టడం, మన భాషలో ఎప్పట్నించో ఈ రెండు రకాలూ ఉన్నాయి. పిల్లి శాపాలకి ఉట్లు తెగవు అంటాం, ఉట్టి కింద కూర్చుని పైకి చూసే పిల్లికి మనమే ఒక కోపం, ఒక శాపం పెట్టేశాం. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికి దొంగబుద్ధి పెట్టేశాం. నిజానికి పిల్లి నెమ్మదిగా కళ్ళు మూసి తెరవడం నిమ్మళంగా ఉన్నప్పటి గుర్తు, మనమూ అలాగే నెమ్మదిగా కళ్ళార్పితే అది తిరిగి ఆర్పుతుందనీ, దగ్గరకి రావడానికి మొగ్గు చూపుతుందనీ ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు 2020లో చూపించారు. కాలుగాలిన పిల్లి అన్నవాడు మాత్రం పిల్లిని దగ్గర్నించి చూసి అన్నాడు. అది ఎలా కదులుతుందో చెప్పాడంతే, దాని మనసులో ఏదో ఉందని కల్పించలేదు.

ఏం మార్చాం

మందుల కన్నా ఇదే అసలు చికిత్స. తాపీ పనివాళ్ళు వాడే వెడల్పు తట్టలు మూడు తెప్పించి జల్లించిన ఏటి ఇసుక పోసి మూడు చోట్ల పెట్టాం, ఒక్కచోట కాదు, ఒకదాని దగ్గర గండుపిల్లి కాపు కాసినా ఇంకోటి ఉండాలి. రోజుకి రెండుసార్లు శుభ్రం. పడక్కుర్చీ ఆ రోజే దింపించా, దాని గుడ్డ ఉతకొద్దన్నా. అటక మెట్ల దగ్గర ఒక చెక్క అరలో పాత దుప్పటి వేసి అది వాడి చోటనీ, పిల్లలు అక్కడికి చెయ్యి పెట్టకూడదనీ చెప్పా, మనవరాలు దాన్ని చాలా శ్రద్ధగా పట్టించుకుంది, తమ్ముడిని ఆపడం ఆ పిల్లే చేసింది.

నీళ్ళ గురించి ఇంకొంచెం చెప్పాలి. పిల్లి పూర్వీకులు ఎడారి ప్రాంతపు అడవిపిల్లులు, ఉచ్చని బాగా చిక్కబరుచుకుని తక్కువ నీళ్ళతో బతకగలవు, అందుకే దాహం వేసినా కుక్కలా గబగబా తాగవు. ఈ ఇంట్లో ఏడాదిగా కొడుకు ఆన్‌లైన్‌లో పంపే పొడి గింజల తిండే పెడుతున్నారు, మంచిదని. పొడి తిండి చెడ్డదని కాదు, ఈ జబ్బున్న మగపిల్లికి నీళ్ళు ఎక్కువ వెళ్ళాలి. మామ్మగారిని అడిగితే గోదారి చేపలకేం లోటమ్మా అన్నారు. చిన్న చేపలు ఉప్పు, కారం, పసుపు, ఉల్లిపాయ ఏవీ లేకుండా ఉడికించి (ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తానికి చేటు), ముళ్ళు తీసి, ఆ నీళ్ళతో సహా తిండిలో కలిపి తడిగా పెట్టమన్నా. చేప ఒక్కటే కడుపు నింపే తిండి కాకూడదని, సంపూర్ణంగా ఉండే తడి ఆహారం సగం కలపమని కూడా చెప్పా. జనవరిలో వాడి ఉచ్చ చిక్కదనం 1.052, మార్చికి 1.034, అంటే పల్చబడింది.

గండుపిల్లిని తరిమేయలేదు, తరిమితే ఇంకోటి వస్తుంది. బోనులో పట్టి ఆపరేషన్ చేసి, టీకా వేసి వదిలాం. రెండు నెలల్లో దవడలు తగ్గాయి, ప్రహరీ ఎక్కడం తగ్గింది. కిటికీ కింది భాగానికి కాగితం అంటించాం, కనపడకుండా.

ఇంకోటి, మామ్మగారికి పని. తాతగారి పాత పద్దుల పుస్తకం ఒకటి తీసుకుని ప్రతి పేజీ మధ్య గీత గీసి ఒకవైపు "చూసింది", ఇంకోవైపు "అనుకుంది" అని రాయమన్నా. అనుకున్నది మానెయ్యమనలేదు. ఆవిడకి ఆ ఇంట్లో మాట్లాడ్డానికి ఉన్నది ఆ పిల్లి ఒక్కడే, ఆ కథలు ఆవిడకి కావాలి. రెండూ ఒకే గడిలో పడకుండా చూసుకుంటే చాలు.

తర్వాత

మే నెలలో ఇంట్లో పెళ్ళి, పందిళ్ళు, మైకులు. మూడో రోజు పొద్దున్నే ఫోను: "చూసింది చదువుతా వినమ్మా. తెల్లారి నాలుగుసార్లు ఇసుక తవ్వాడు, రెండుసార్లు తడి లేదు, ఒకసారి చిన్న చుక్క, ఎర్రగా." ఆమాట చాలు నాకు. గంటన్నరలో తెచ్చారు, మూసుకుపోలేదు, నొప్పికి మందు, చీకటి గదిలో ఉంచడం, నాలుగు రోజుల్లో సర్దుకుంది. జనవరిలో వారం పట్టిన సంగతి ఈసారి ఒక్క పూటలో తెలిసింది.

ఆఖరిసారి చూసింది అక్టోబరులో. బరువు 5.3, పొట్ట కింద వెంట్రుకలు తిరిగొచ్చాయి, కిడ్నీ పరీక్షలు మామూలు. కోడలు గారు దసరాకి వచ్చినప్పుడు సూట్‌కేసు మీద ఒక తువ్వాలు పరిచి పెట్టిందంట, మునసబు దానిమీద పడుకున్నాడంట. వాడు క్షమాపణ చెప్పాడమ్మా అన్నారు మామ్మగారు, అని, వెంటనే ఆగి, "అది రెండో గడిలో రాశాలే" అన్నారు.

పుస్తకం నా చేతికిచ్చారు. తాతగారు కొబ్బరికాయల లెక్కలు రాసిన పేజీల తర్వాత ఆవిడ అక్షరాలు, ముత్యాల్లా. ముందురోజు పేజీ చదివా. చూసింది: "ఆదివారం. ఇసుక మూడుసార్లు, మూడూ పెద్ద ముద్దలే. చేప తిన్నాడు, నీళ్ళతో సహా. పిల్లలు ఫోన్లో మాట్లాడుతుంటే కుర్చీలో కూర్చుని ఫోను వైపు చెవి తిప్పాడు. ఫోను పెట్టేశాక గుమ్మం దాకా వెళ్ళి వచ్చాడు." పక్క గడిలో "వాడికి పిల్లల మీద బెంగ" అని రాసి, ఒక గీతతో కొట్టేసి, దాని కింద రాశారు: "నాకు."